వాకీటాకీ కొనే ముందు వెనుక అట్ట చదవండి

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు కదిలే వేళ రద్దీ ఎలా ఉంటుందో మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. పదకొండు గ్రామాల రుద్రులు ఒకచోట చేరే ఆ తోటలో ముందున్న ప్రభకూ వెనుకనున్న ప్రభకూ మధ్య కబురు అందాలంటే ఇంతకాలం ఈలలు, కేకలే ఆధారం. సెల్‌ఫోను వచ్చాక కొంత తేలికైంది గాని, అన్ని వేల మంది ఒకేచోట చేరినప్పుడు ఫోను కలవదు, కలిసినా బాణసంచా మోతలో వినపడదు. అందువల్ల ఉత్సవ కమిటీల కుర్రవాళ్లు చేతిలో ఇమిడే వైర్‌లెస్ సెట్లు, అంటే వాకీటాకీలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. తీర్థాలతోనే ఇది ఆగలేదు. రొయ్యల చెరువుల కాపలాదారులకు ఇవి కావాలి. వేటకు పోయే పడవలవారికి కావాలి. ప్లాస్టిక్ గుళ్ల తుపాకులతో యుద్ధం ఆట ఆడే కాలేజీ పిల్లలకు మరీ కావాలి.

కావాలనుకోవడంలో తప్పు లేదు. తప్పంతా కొనే తీరులో ఉంది. సెల్‌ఫోనులో బొమ్మ చూసి, ‘పది కిలోమీటర్ల దూరం పలుకును’ అన్న మాట నమ్మి, డబ్బు కట్టేస్తున్నారు. మూడో రోజున పెట్టె ఇంటికి వస్తుంది. అందులోని సెట్టు మన దేశంలో అనుమతి లేకుండా వాడదగినదా, కాదా అన్నది ఎవరూ చూడరు. చూసే అలవాటు లేకపోవడం కొనేవాడి లోపం కావచ్చు. చెప్పకుండా అమ్మడం మాత్రం అమ్మేవాడి నేరం. ఈ రెంటి మధ్యా చిక్కుకుని రేపు పోలీసుస్టేషన్లో నిలబడేది మన ఊరి కుర్రవాడు.

పాత తరం వారికి రేడియో లైసెన్సు సంగతి గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ట్రాన్సిస్టరు ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకంలో బిళ్లలు అంటించుకోవలసి వచ్చేది. 1980వ దశకంలో ఆ లైసెన్సు రద్దయింది. అప్పటినుంచి ‘రేడియోకు లైసెన్సేమిటి’ అన్న భావం మనలో స్థిరపడిపోయింది. అయితే రద్దయింది వినే రేడియోకు మాత్రమే. మాట్లాడే రేడియో, అంటే గాలిలోకి తరంగం వదిలే సెట్టు, ఎన్నడూ ఆ జాబితాలో లేదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టంలోనే అనుమతి లేని ప్రసార సెట్టును దగ్గర ఉంచుకుంటే మూడేళ్ల దాకా శిక్ష రాసిపెట్టారు. 2023లో పార్లమెంటు చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతి గాని మినహాయింపు గాని లేని సెట్టును ఉంచుకోవడాన్ని తప్పుగానే చూస్తుంది. వాడటమే కాదు, ఉంచుకోవడం కూడా అన్న సంగతి గమనించాలి. ‘బీరువాలో పెట్టానండి, మాట్లాడలేదండి’ అంటే చెల్లదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని కొందరు అడుగుతారు. గోదావరి కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది చెప్పడం తేలిక. కాలువ నీటికి వంతులు ఉన్నట్టే గాలిలోని తరంగాలకూ వంతులున్నాయి. పోలీసులకు ఒక వంతు, ఓడలకు ఒకటి, విమానాలకు ఒకటి, సెల్‌ఫోను కంపెనీలకు ఒకటి. ఎవరి వంతు ఏదో అంకెల్లో నిర్ణయించి ఉంటుంది. ఆ అంకెను మెగాహెర్ట్జ్ అంటారు. ఒకడు తన వంతు కాని తూము ఎత్తితే దిగువ చేనుకు నీరు అందదు. అలాగే ఒకడు పక్కవాడి తరంగం మీద మాట్లాడితే ఆపదలో ఉన్నవాడి మాట అవతలివారికి చేరదు. నీరైతే గట్టు మీద నిలబడి చూడవచ్చు. తరంగం కంటికి కనపడదు గనుక అడ్డుపడినవాడికి తాను అడ్డుపడినట్టే తెలియదు.

లైసెన్సు లేకుండా సామాన్యులు వాడుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2018 నాటి నిబంధనల్లో ఒక చిన్న వంతు విడిచిపెట్టింది. చేతి వాకీటాకీలకు సంబంధించి ఆ అంకె 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఏమిటంటే, సెట్టు బలం అర వాటుకు మించరాదు, ఆ రకం సెట్టుకు టెలికం శాఖవారి ‘ఈటీఏ’ అనే ధ్రువీకరణ ఉండాలి. ఈటీఏ అంటే పరికరం రకానికి ఇచ్చే ఆమోదం. ఇది సెట్టు తయారుచేసినవాడో దిగుమతి చేసినవాడో తెచ్చుకోవలసిన కాగితం, కొనేవాడు తెచ్చుకోవలసింది కాదు. కొనేవాడు చేయవలసిందల్లా ఆ కాగితం నంబరు అడగడం. చెప్పలేని దుకాణంలో కొనకపోవడం.

ఈ పద్ధతిన చూస్తే చవకగా దొరుకుతున్న సెట్లలో చాలా వరకు పక్కకు పోతాయి. ఉదాహరణకు బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనే చైనా సెట్టు ప్రపంచమంతటా ప్రసిద్ధం. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు ఒక పట్టీ, 400 పైన మరో పట్టీ, ఎక్కడంటే అక్కడ అంకె నొక్కి మాట్లాడవచ్చు. కొనేవారికి అదే గొప్పగా కనపడుతుంది, చట్టానికి అదే తప్పుగా కనపడుతుంది. ‘అయితే 446లోనే పెట్టి వాడుకుంటాం’ అని తెలివిగా అనేవారున్నారు. ఆ సెట్టు బలం తగ్గించినా ఒక వాటు ఉంటుంది, అది అనుమతించినదానికి రెట్టింపు. పైగా మినహాయింపు ఉన్నది ఆ వంతుకు కట్టుబడి తయారైన సెట్టుకు గాని, అన్ని తూములూ ఎత్తగలిగి ఒకటే ఎత్తుతానని మాట ఇచ్చే సెట్టుకు కాదు. అది మంచి సెట్టే. అమెచ్యూర్ లైసెన్సు ఉన్నవారు తమకు కేటాయించిన అంకెల్లో వాడుకునే రకం. తీర్థంలో తిరిగే కుర్రవాడి చేతిలో ఉండవలసింది మాత్రం కాదు.

అమెరికా నుంచి వచ్చే సెట్ల సంగతి వేరే చెప్పాలి. మన జిల్లాలో అమెరికాలో బిడ్డలు లేని ఊరు తక్కువ. సంక్రాంతికి వచ్చేటప్పుడు తమ్ముళ్లకు, మేనల్లుళ్లకు ఏదో ఒకటి తెస్తారు. మా వీధిలోనే ఒక కుర్రవాడు జత వాకీటాకీలు తెచ్చాడు. ‘అక్కడ కిరాణా కొట్లో అమ్ముతారు బాబాయ్, లైసెన్సు అక్కర్లేదు’ అన్నాడు. ‘అక్కడ అక్కర్లేదురా, ఇక్కడ కావాలి’ అంటే నమ్మలేదు. అతను చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో కుటుంబాలవారు లైసెన్సు లేకుండా వాడుకునే సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి, వాటిలో కొన్ని చానెళ్లకు రెండు వాట్ల దాకా బలం ఉండవచ్చు. ఆ వంతు మన దేశంలో సామాన్యులకు విడిచిపెట్టినది కాదు. ఐరోపా దేశాల్లో విడిచిపెట్టిన వంతు 446 దగ్గరే ఉంది, బలమూ అర వాటే, అందువల్ల అంకె వరకు మనకు సరిపోతుంది, ఈటీఏ సంగతి అప్పుడూ చూసుకోవాలి. జపాన్‌లో మరీ పొదుపు, అక్కడ 420 పైన వాటులో నూరో వంతు బలంతో సరిపెట్టారు. ఒక దేశంలో పిల్లలు ఆడుకునే వస్తువు మరో దేశంలో కేసు పెట్టదగిన వస్తువు కావడం విడ్డూరంగా తోచవచ్చు. రోడ్డుకు ఏ పక్క నడపాలన్నదీ అంతే గదా. అమెరికాలో కుడి, మనకు ఎడమ. ఆ కుర్రవాడికి ఈ పోలిక చెప్పాకే ఎక్కింది. సెట్లు తిరిగి పెట్టెలో సర్దుకుని వెళ్లాడు. వచ్చే ఏడు బంధువుల చేత తెప్పించుకోదలచినవారు ఆ ఖర్చు మానుకోవడం మంచిది. విమానాశ్రయంలో కస్టమ్స్‌వారు ఆపితే బహుమతి పోగా మాట పడాలి.

ఇక పది కిలోమీటర్ల మాట. ఈ తరంగాలు చూపు ఉన్న మేర పోతాయి, అడ్డు వస్తే తగ్గిపోతాయి. నేల మీద నిలబడ్డ మనిషికి, ఎదుట ఏ అడ్డూ లేకున్నా, భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఐదు కిలోమీటర్ల దగ్గరే చూపు ఆగిపోతుంది. మన కోనసీమలో అడ్డు లేని చోటెక్కడ? తడి కొబ్బరి ఆకు తరంగాన్ని తాగేస్తుంది. తోటల మధ్య, మిద్దె ఇళ్ల మధ్య అర వాటు సెట్టు అర కిలోమీటరో, కిలోమీటరో పలికితే బాగా పలికినట్టే. చెరువుల గట్ల మీద, పంట కోసిన చేలలో ఒకటి రెండు కిలోమీటర్లు రావచ్చు. గట్టు మీదికి ఎక్కి, సెట్టును నిలువుగా ముఖానికి ఎదురుగా పట్టుకుంటే పడుకోబెట్టి పట్టినదానికంటే బాగా పలుకుతుంది. ఇది డబ్బు ఖర్చు లేని ఉపాయం. కాబట్టి ‘పది’, ‘ఇరవై’ అని రాసిన అట్టలను చూసి మోసపోవద్దు. ఆ అట్ట మీద దూరం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అంకె చిన్న అక్షరాల్లో వెనుక ఉంటుంది. వెనుకది చదవాలి.

మరో అపోహ ‘రహస్య కోడు’. సెట్లలో ఉపచానెళ్లు, కోడ్లు అని ఏవో ఉంటాయి. వాటిని పెట్టుకుంటే తమ మాట ఇంకెవరికీ వినపడదని చాలామంది నమ్మకం. నిజానికి ఆ కోడు ఇతరుల మాట మన చెవిన పడకుండా చేస్తుంది గాని, మన మాట ఇతరుల చెవిన పడకుండా ఆపదు. రొయ్యల చెరువు మీద కాపలా ఉన్నవాడు ‘ఈ రాత్రి నేను లేను, తాళం గుడిసె చూరులో ఉంది’ అని సెట్టులో చెబితే ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి సెట్టుకూ చెప్పినట్టే. డబ్బు మాట, తాళాల మాట, ఆడపిల్లల పేర్లు సెట్టులో రాకూడదు.

ఇప్పుడు యుద్ధం ఆట సంగతి. దీన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. 1970వ దశకంలో జపాన్‌లో పుట్టింది. అసలు తుపాకులు సామాన్యులకు దొరకని దేశం గనుక వాటి నకళ్లు తయారుచేసి, ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు వేసి ఆడారు. అక్కడినుంచి ఐరోపాకు, అమెరికాకు పాకింది. రెండు జట్లు, తోటలో దాగడం, సెట్టులో ‘ఎడమ పక్క ఇద్దరు’ అని చెప్పుకోవడం, గుండు తగిలినవాడు నిజాయితీగా చేయెత్తి పక్కకు తప్పుకోవడం. అమెరికాలో చదివే మన పిల్లలు కొందరు అక్కడ ఆడుతున్నారు, ఇక్కడివాళ్లు ఆ వీడియోలు చూసి ముచ్చటపడుతున్నారు. ఆటగా చూస్తే నాకు అభ్యంతరం లేదు. పేకాట కంటే, ఫోను పట్టుకుని పడుకోవడం కంటే ఒళ్లు కదిలే ఆట నయం. అయితే ఆ దేశాలవారు ఈ ఆట చుట్టూ ఎన్ని కంచెలు వేసుకున్నారో వీడియోలో కనపడదు. జపాన్ 2006లోనే చట్టం సవరించి గుండు శక్తి ఒక జౌలు లోపే ఉండాలని కట్టడి చేసింది. బ్రిటన్ అదే ఏడాది చేసిన చట్టంతో అచ్చం తుపాకీలా కనపడే నకళ్ల అమ్మకాన్ని ఆటగాళ్లకు తప్ప ఇతరులకు నిషేధించింది. అమెరికాలో ఇలాంటి తుపాకీ అమ్మాలంటే గొట్టం కొసన నారింజ రంగు ఉండాలి.

ఒక జౌలు అంటే ఎంతో తెలియాలంటే లెక్క చూద్దాం. గ్రాములో ఐదో వంతు బరువున్న గుండు సెకనుకు వంద మీటర్ల వేగంతో వస్తే ఒక జౌలు. ఒంటికి తగిలితే చీమ కుట్టినట్టు, లేదా కందిరీగ కుట్టినట్టు ఉంటుంది. కంటికి తగిలితే కన్ను పోతుంది. తీర్థంలో బుడగలు కాల్చే గాలితుపాకీని పిల్లల వైపు తిప్పితే కొట్టువాడు కేకలేస్తాడు గదా. ఈ ఆటలో కావాలనే మనుషుల వైపు తిప్పుతారు. అందువల్ల డబ్బు ముందుగా ఖర్చుపెట్టవలసింది తుపాకీ మీద కాదు, సెట్టు మీదా కాదు, కళ్లకు. మామూలు కళ్లద్దాలు, నల్లద్దాలు పనికిరావు, పగిలి ఆ ముక్కలే కంట్లో గుచ్చుకుంటాయి. దెబ్బ తట్టుకునే రక్షణ కళ్లజోడు, పక్కలనుంచి కూడా మూసి ఉండేది కావాలి. పళ్లకు ముఖం తొడుగు కావాలి. ఆట జరిగే తోటలో ఉన్నంతసేపూ, గుండు తగిలి బయటికి వస్తున్నా సరే, కళ్లజోడు తీయరాదు. చెమట పట్టి మసకబారిందని తీసిన క్షణంలోనే ప్రమాదం జరుగుతుంది. చిన్న పిల్లలకు కొనే బొమ్మ తుపాకీ అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఆ గుర్తు తప్పనిసరి.

వేషం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన కుర్రవాళ్లు పిక్నిక్కంటే మారేడుమిల్లి, రంపచోడవరం వైపు పోతారు. ఒక్కసారి ఊహించండి. అడవి అంచున నలుగురు యువకులు, ఒంటిమీద సైన్యం రంగు దుస్తులు, చేతిలో నల్లటి తుపాకీలాంటిది, నడుముకు వైర్‌లెస్ సెట్టు. దూరంనుంచి చూసే పోలీసుకు గాని, కట్టెలకు వచ్చిన గిరిజన మహిళకు గాని అది ఆట అని ఎలా తెలుస్తుంది? తెలిసేలోగా జరగరానిది జరిగితే ఎవరిని నిందించాలి? సైనికుడు కానివాడు సైనికుడని జనం నమ్మాలన్న ఉద్దేశంతో ఆ దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా శిక్ష ఉంది. నమ్మించే ఉద్దేశం లేదని చెప్పుకోవడానికి కోర్టు దాకా పోవాలి. అంతకంటే పాత చొక్కాలు, జట్టుకో రంగు తలగుడ్డ చాలు. ఆడేది సొంత తోటలో, యజమాని అనుమతితో, ఇరుగుపొరుగుకు ముందుగా చెప్పి, వీలైతే పోలీసుస్టేషన్లో కాగితం ఇచ్చి ఆడాలి. బొమ్మ తుపాకీని సంచిలో పెట్టి మోయాలి. మోటారుసైకిలు మీద చేత్తో పట్టుకుని ఊరేగితే నాలుగు రోడ్ల కూడలి దాటక ముందే ఎవరో ఒకరు ఫోను చేస్తారు, చేయాలి కూడా.

పడవలవారి విషయం ఆటతో ముడిపెట్టరాదు. ఓడలరేవు, అంతర్వేది పల్లిపాలెం వైపునుంచి వేటకు పోయేవారు ఈ బొమ్మ సెట్లను నమ్ముకుని సముద్రం మీదికి పోవద్దు. అర వాటు సెట్టు పక్క పడవకు వినపడుతుందేమో గాని ఒడ్డుకు వినపడదు. ఓడలకు, తీరరక్షక దళానికి ఆపద కబురు చెప్పే వంతు వేరు. అది 156.8 మెగాహెర్ట్జ్, 16వ చానెల్ అంటారు. దానికి తగిన మెరైన్ సెట్టు నీటికి తట్టుకునేలా తయారవుతుంది, దాని అనుమతులు దానివే. చవక చైనా సెట్టులో ఆ అంకె నొక్కి సరదాగా పాటలు పెట్టేవాడు ఎవరి ప్రాణం మీదికి తెస్తున్నాడో వాడికే తెలియదు. ఇస్రో సాయంతో చేపల పడవలకు ఉపగ్రహం ద్వారా ఇరువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టులో దేశవ్యాప్తంగా ప్రారంభించారు. 364 కోట్ల రూపాయలతో లక్ష పడవలకు అని లక్ష్యం. తమ పడవకు వచ్చిందా లేదా అని మత్స్యశాఖవారిని అడగడం మత్స్యకారుల హక్కు. ఒడ్డుకు దగ్గరలో ఫోను పలికే చోటైతే తీరరక్షక దళం నంబరు 1554, తీరప్రాంత పోలీసుల నంబరు 1093.

ఇంతగా హెచ్చరిస్తున్నానని ఈ సెట్లు వద్దంటున్నానని అనుకోవద్దు. అసలు మన జిల్లాకు ఇవి ఎక్కువగా కావలసింది తీర్థానికో, ఆటకో కాదు, తుపాను రాత్రికి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి ఎవరూ మరచిపోలేదు. ఊరు ఊరికీ సంబంధం తెగిపోయి, పక్క లంకలో ఎవరు బతికారో తెలియడానికి రోజులు పట్టింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గరే, అంటే మన సఖినేటిపల్లికి ఏటి అవతలే, తీరం దాటింది. సెల్‌ఫోను ఉంది గదా అని ధీమాగా ఉంటాం. కరెంటు పోయాక టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు నిలుస్తుంది, తరువాత జనరేటరుకు డీజిలు కావాలి. చెట్లు పడి దారి మూసుకుపోతే డీజిలు ఎవరు తెస్తారు? వాకీటాకీకి టవరుతో పనిలేదు, సెట్టునుంచి సెట్టుకు నేరుగా పోతుంది. తుపాను షెల్టరులో ఒకటి, పంచాయతీ కార్యాలయంలో ఒకటి, ఏటిగట్టు మీద కాపలా ఉన్నవారి దగ్గర ఒకటి, ఆరోగ్య కేంద్రంలో ఒకటి. ఊరి మట్టుకు కిలోమీటరు పలికితే చాలు, అర వాటు సెట్టు ఆ పనికి చక్కగా సరిపోతుంది, లైసెన్సు బెడదా లేదు.

ఇందుకోసం కొనేటప్పుడు లోపల బిగించిన బ్యాటరీ కంటే దుకాణంలో దొరికే మామూలు పెన్సిల్ సెల్లులు వేసుకునే రకం మేలు. మూడు రోజులు కరెంటు లేకపోతే చార్జింగు ఎక్కడ పెడతాం? సెల్లులైతే డబ్బాలో పెట్టి దాచవచ్చు. సెట్టు పక్కన పెట్టేటప్పుడు సెల్లులు తీసేయడం మరవొద్దు, లేకుంటే ఉప్పుగాలికి చిలుము పట్టి సెట్టు పాడవుతుంది. వానకు తట్టుకుంటుందా లేదా అన్నది ‘ఐపీ’ అనే అక్షరాల పక్కనున్న రెండో అంకె చెబుతుంది. నాలుగు అయితే చినుకులకు తట్టుకుంటుంది, ఏడు అయితే మీటరు లోతు నీటిలో అరగంట పడినా బాగుంటుంది. మన వానలకు నాలుగు చాలదు. నెలకు ఒకసారి తీసి మాట్లాడి చూడాలి. మీట నొక్కి, ఒక క్షణం ఆగి, ముందు తన పేరు చెప్పి, రెండు ముక్కల్లో విషయం చెప్పి, మీట వదలాలి. వదలకపోతే అవతలివాడు మాట్లాడలేడు. ఈ చిన్న విషయం తెలియక తీర్థాల్లో మనవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం వినే ఉంటారు.

ఊరు దాటి దూరం మాట్లాడాలంటే దారి వేరే ఉంది. పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకోవడం. హామ్ రేడియో అంటారు. పన్నెండేళ్లు నిండినవారు రాయవచ్చు. వ్యాపారానికి వాడరాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్‌తో మిగతా సంబంధాలు తెగిన వేళ ఆమె సెట్టు ద్వారా కబుర్లు దేశానికి అందాయి. అమలాపురం, కాకినాడ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు మండలానికి ఇద్దరు చొప్పున ఈ లైసెన్సు తెచ్చుకుంటే తుపాను రాత్రి కలెక్టరేటుకు కబురు చెప్పడానికి మనుషులు దొరుకుతారు. ఐదు వాట్ల సెట్టు మీద మోజున్న కుర్రవాడికి ఇదే రాజమార్గం.

ఇక అధికారుల సంగతి. అమ్మేవారి మీద చర్య మొదలైన మాట నిజం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో 13 ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు నోటీసులిచ్చింది. ఆ తరువాత మార్గదర్శకాలు జారీ అయ్యాయి. సెట్టు ఏ అంకె మీద పలుకుతుందో, లైసెన్సు కావాలో వద్దో, ఈటీఏ ఉందో లేదో అమ్మకం పేజీలోనే చూపాలని వాటి సారాంశం. 2026 జనవరిలో పెద్ద సంస్థల్లో కొన్నింటికి పది లక్షల రూపాయల చొప్పున జరిమానా కూడా పడింది. మంచిదే. కాని పది లక్షలు ఆ సంస్థలకు ఒక లెక్క కాదు, స్వాధీనమైన సెట్టు ధర మన కూలివాడి కొడుకుకు లెక్క. కొన్నవాడిని ముద్దాయిని చేసే ముందు, అతనికి ఎవరు ఏం చెప్పి అమ్మారో విచారించడం న్యాయం. ఆ మార్గదర్శకాలకు ముందు తెలియక కొన్నవారు సెట్లు తెచ్చి అప్పగిస్తే కేసు లేకుండా తీసుకుంటామని జిల్లా పోలీసులు ఒక ప్రకటన చేస్తే చాలా ఇళ్లలో బీరువాలు ఖాళీ అవుతాయి. ‘అన్నీ నిషేధించేస్తే పోతుంది’ అనే అధికారులూ ఉంటారు. నిషేధిస్తే చట్టబద్ధమైన సెట్టు పోతుంది, దొంగచాటు సెట్టు మిగులుతుంది.

ప్రభల తీర్థానికి, అంతర్వేది కల్యాణానికి బందోబస్తు అనుమతి కోసం కమిటీలు ఎటూ పోలీసుస్టేషనుకు వెళ్తాయి. ఆ అనుమతి కాగితం వెనుకే ‘446.0 నుంచి 446.2, అర వాటు, ఈటీఏ నంబరు’ అని మూడు ముక్కలు అచ్చువేయించి ఇస్తే ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. గ్రామసభలో సచివాలయ సిబ్బంది చేత ఒకసారి చదివించవచ్చు. ఆన్‌లైన్లో కొని మోసపోయినవారు, అంకె చూపకుండా అమ్ముతున్న పేజీ కనపడినవారు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు, పెట్టె అట్ట పారేయకుండా దాచుకోండి, ఫిర్యాదుకు అవే సాక్ష్యం. తుపాను షెల్టర్లకు సెట్లు కొనే విషయం మాత్రం వచ్చే అక్టోబరు దాకా ఆగకుండా పంచాయతీలు ఈ వేసవి సమావేశంలోనే తీర్మానించాలి.